పిల్లలు నిద్రపోకముందే రాత్రి వంట ముగించేదెలా?

మాది ఒడిశాలోని రాయగడ. నాది బ్యాంకులో ఉద్యోగం, ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. మావారిది రైల్వేలో షిఫ్టుల పని. అత్తయ్యగారికి షుగరు, రాత్రి చపాతీలే తింటారు. పిల్లలకేమో పక్కింటి ఒడియా వాళ్ల దాల్మా అలవాటైంది. కందిపప్పులో అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయికాయ ముక్కలు ఉడికించి, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి కొట్టిన పొడి చల్లుతారు. పప్పూ కూరా ఒకే గిన్నెలో అయిపోతాయని నాకూ నచ్చింది.

మొన్న కుక్కర్ మూత తీసేసరికి మా చిన్నది బడి సంచి మీద తల వాల్చి నిద్రపోయింది. లేపి రెండు ముద్దలు పెడితే కళ్లు తెరవకుండానే నమిలింది. ఆ రాత్రంతా నాకు మనసు మనసులో లేదు.

ఉదయమే పప్పు ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ముక్కలు కలిపితే రుచి నిలుస్తుందా? చపాతీ పిండి ముందురోజు కలిపితే నల్లబడుతోంది, ఏం చేయాలి? ఆదివారం చింతపండు గుజ్జు, అల్లంవెల్లుల్లి ముద్ద చేసి పెట్టుకుంటున్నాను. ఇంకేం చేసుకోవచ్చు? బజారు పొట్లాలు మాత్రం వద్దు. ఉద్యోగం చేస్తూ ఇల్లు నడుపుతున్న అక్కలూ, మీ వంటింట్లో రోజూ సాగే పద్ధతే చెప్పండి. మావారు కూడా వంట నేర్చుకుంటానంటున్నారు, ముందుగా ఆయనకు ఏ పని అప్పగించమంటారు?