ఏ320 ఎలాక్ సాఫ్ట్‌వేర్: అసలేం మార్చారు?

అమలాపురం నుంచి: 2025 నవంబరులో ఎయిర్‌బస్ ఏ320 విమానాలకి సాఫ్ట్‌వేర్ మార్చేదాకా ఎగరొద్దన్నారు కదండీ, ఏం మార్చారు? మధురపూడికొచ్చే (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) చిన్న ప్రొపెల్లర్ విమానాలు ఏటీఆర్‌లకీ వర్తిస్తుందా?

కాకినాడ నుంచి: పేరుకే అప్‌డేటండి, ఎక్కించింది పాత వెర్షనే. ఎలివేటర్లనీ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలకలు), ఎయిలరాన్లనీ (పక్కకి ఒరిగేలా చేసే రెక్కల పలకలు) నడిపే ఎలాక్ కంప్యూటర్లు విమానానికి రెండుంటాయి. ఎల్104 వెర్షన్ ఉంటే తీవ్రమైన సౌర వికిరణానికి డేటా చెడే ప్రమాదముందని తేలింది. అక్టోబరు 30న అమెరికా వెళ్తున్న ఒక ఏ320 ముక్కు పైలట్ ప్రమేయం లేకుండా కిందికి వంగింది. దాంతో ఎల్103 ప్లస్‌కి దించారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించే పరికరం డేటా లోడర్‌తో రెండు ఎలాక్‌లకీ ఎక్కించి, సాఫ్ట్‌వేర్ పార్ట్ నంబరు సరిచూసుకోవాలి. రెండు మూడు గంటల పని.

భీమవరం నుంచి: పాత హార్డ్‌వేర్ ఉన్నవాటితోనే చిక్కు. లోడ్ చేస్తే చాలదు, ఎలాక్ పెట్టెనే మార్చాలి. స్పేర్ దొరక్కపోతే విమానం కదలదు.

రావులపాలెం నుంచి: ఏటీఆర్ 72కి వర్తించదండి. ఎలివేటర్లు, ఎయిలరాన్లు కేబుళ్లతో కదుల్తాయి, అందులో ఎలాకే లేదు.