స్కూట్ హెండర్సన్ కోసం ఇంకెంత కాలం ఆగాలి?

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్‌ని ఫాలో అయ్యేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 2023 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే చోటు) 3వ పిక్‌గా వచ్చిన స్కూట్ నిజంగా మెరుగయ్యాడా లేదా అన్నది నాకు ఎంతకీ తేలడం లేదు. మొదటి సీజన్‌లో మ్యాచ్‌కి 14 పాయింట్లు, 5.4 అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసే పాస్‌లు), కానీ షూటింగ్ 38.5 శాతమే, పైగా 3.4 టర్నోవర్లు (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం). రెండో ఏడాది షూటింగ్ దాదాపు 42కి, త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే షాట్లు) 32.5 నుంచి 35.4 శాతానికి పెరిగాయి, పాయింట్లు మాత్రం 12.7కి తగ్గాయి (ఎక్కువగా బెంచ్ నుంచే వచ్చాడు కాబట్టి అది పెద్దగా పట్టించుకోను). టీమ్ 21 గెలుపుల నుంచి 36కి వెళ్లింది, అందులో ఇతని వాటా ఎంతో!

బాక్స్ స్కోర్లు (మ్యాచ్ అంకెల పట్టికలు) ముందేసుకుని కూర్చున్నా, ఆడిన నిమిషాల లెక్కన అసిస్టులూ టర్నోవర్లూ పోల్చా, కొన్ని మ్యాచ్‌ల చివరి 5 నిమిషాలు మళ్లీ చూశా. ఒకరోజు అదరగొడతాడు, ఇంకోరోజు పిక్ అండ్ రోల్‌లో (సహచరుడు అడ్డు నిలిచి, తర్వాత బాస్కెట్ వైపు కదిలే ఎత్తు) అదే తప్పు పాస్. మాజీ గార్డ్ చాన్సీ బిలప్స్ కూడా 1997లో 3వ పిక్కే, బోస్టన్ తొలి సీజన్ మధ్యలోనే వదిలేసుకుంది, 2004లో డెట్రాయిట్ తరఫున ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, అందుకే తొందరపడాలంటే భయం.

ఇలాంటి కుర్ర గార్డ్ (బంతిని నడిపించే ఆటగాడు) మూడో సీజన్‌లో ఎదిగాడో లేదో తేల్చుకోవడానికి మీరైతే ముందుగా ఏ ఒక్క అంకె చూస్తారు?