ముట్టుకోనివ్వాలా వద్దా? ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ చేసినవాళ్ళు చెప్పండి

బ్రాడీపేట_బంకమట్టి:
మేం విజయవాడలో ఒక హాల్లో ఇన్‌స్టలేషన్, అంటే చూసేవాళ్ళని బట్టి మారే కళారూపం, పెడుతున్నాం. మనిషి దగ్గరికొస్తే గోడమీద నది నీళ్ళు పక్కకి తొలగుతాయి, కదలకుండా నిలబడితే మెల్లగా అతని చుట్టూ కమ్ముకుంటాయి. ఏ సెన్సర్ వాడాలి? ఇలా చెయ్యండి అని బోర్డు పెట్టాలా, జనానికే వదిలెయ్యాలా?

కృష్ణలంక_వైరు:
బోర్డు సంగతి తర్వాత, ముందు పీఐఆర్ సెన్సర్ కొనకండి. నా బతుకుతెరువే ఇది కాబట్టి గట్టిగా చెప్తున్నా. అది పట్టుకునేది ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ ఉన్న తేడాని. మే నెలలో మన ఊళ్ళో ఏసీ లేని హాలు గోడ ఒంటితో సమానంగా కాగుతుంది, ఇంక దేన్ని పట్టుకుంటుంది? పైగా మనిషి కదలకపోతే దాని లెక్కలో మనిషే లేడు. మీకు కావాల్సిందే ఆ నిలబడటం కదా! మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కొలిచే డెప్త్ కెమెరా పెట్టండి.

పటమట_గంటలు:
సెన్సర్లు సరే, జనం సంగతి చూడండి. నేను వేలాడదీసిన గంటల తీగలు పట్టుకుని పిల్లలు ఊగారు, సగం తెగిపోయాయి. నిర్వాహకులేమో "ముట్టుకోండి అని మీరే రాశారుగా మేడమ్" అన్నారు. ముట్టుకోమంటే తెంపమనా? పక్కన మనిషి లేకుండా పెట్టకండి తమ్ముడూ.

తెనాలి_రంగులు:
తెగితే తెగనివ్వండి మేడమ్, అదే అసలు కళ. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి 72 వస్తువులు బల్లమీద పెట్టి, నన్నేమైనా చెయ్యండని ఆరు గంటలు నిలబడింది. బట్టలు కోశారు, తుపాకీ కూడా గురిపెట్టారు. చూసేవాడి చేతికి అధికారమిస్తే ఏం చేస్తాడో అక్కడే బయటపడింది. లండన్‌లో చైనా కళాకారుడు ఐ వేవే నేలమీద పరిచిన పొద్దుతిరుగుడు గింజల ప్రదర్శన కూడా జనం ఎత్తుకుపోతున్నారనే మూసేశారు.

గుంటూరు_గ్యాలరీ:
తప్పండీ. దొంగతనం వల్ల కాదు, దుమ్ము వల్ల. 2010, లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం. 10 కోట్ల పింగాణీ గింజలు, వాటిమీద జనం నడిస్తే లేచే దుమ్ము పీలిస్తే ప్రమాదమని కొద్ది రోజులకే నడక ఆపేశారు.

తెనాలి_రంగులు:
దుమ్ము ఒక సాకు. మ్యూజియాలకి జనమంటేనే భయం.

గుంటూరు_గ్యాలరీ:
సాకని మీకెవరు చెప్పారు? ఊహని నిజంలా రాయకండి, ఇక్కడ చదివి నేర్చుకునే పిల్లలున్నారు. నడక ఆగాక జనం పక్కనుంచి చూసి వెళ్ళిపోయారు, నాకు బాధ అక్కడ. కాళ్ళకింద గింజలు కరకరలాడాలని పరిచినదాన్ని దూరంనుంచి చూస్తే ఏం మిగిలింది? అమెరికా కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో 175 పౌండ్ల క్యాండీలు మూలన పోశాడు, ఎయిడ్స్‌తో పోయిన తన సహచరుడి కోసం. వచ్చినవాళ్ళు తలా ఒకటి తీసుకుంటే కుప్ప తరుగుతుంది. తీసుకునేవాడు లేకపోతే ఆ కళే లేదు.

అమరావతి_రాయి:
అంత దూరం ఎందుకండీ, మన అమరావతి స్తూపం? ప్రదక్షిణ చేస్తుంటేనే బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురొచ్చేవి. ఇప్పుడు ఆ పలకలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నైలో గోడలకి ఉన్నాయి. చుట్టూ తిరిగే దారే పోయింది.

కృష్ణలంక_వైరు:
రాయి మిమ్మల్ని చూసి మారదు కదా సార్. ఇంటరాక్టివ్ ఎలా అవుతుంది?

అమరావతి_రాయి:
నడిచేవాడు మారితే చాలదా?

పటమట_గంటలు:
నా గంటల డబ్బు ఎవరిస్తారో కూడా చెప్పండి. పాడైతే ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోండి, అందరూ.

బ్రాడీపేట_బంకమట్టి:
బోర్డు పెట్టట్లేదు. నీళ్ళు తొలగడం చూసి వాళ్ళే కనుక్కుంటారు. పక్కన మనిషిని మాత్రం పెడతాం. డెప్త్ కెమెరా ఖాయం, హాలుకి పడమటి కిటికీ ఉంది, ఇబ్బందా?

కృష్ణలంక_వైరు:
చాలా ఇబ్బంది. ఎండ నేరుగా పడితే ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసే కెమెరాకి ఏమీ కనపడదు. మందపాటి నల్లగుడ్డ వేసి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పరీక్షించుకోండి.