మనవరాలి ఐరిష్ పేరు, ఈ స్పెల్లింగేటండీ?

ప్రశ్న (విజయనగరం తాతయ్య): డబ్లిన్‌లో ఉన్న మావాడికి ఆడపిల్ల పుట్టింది. ‘నీవ్’ అని పెడతారట. రాతలో ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్! ఇక్కడ ఎవరు చూసినా నియామ్ అంటున్నారు. మా ఆవిడైతే “నీవ్ ఏటి, నువ్వు ఏటి?” అని ఒకటే నవ్వు. మార్చమననా?

జవాబు: వద్దు మాస్టారూ. ఐరిష్‌లో ఎమ్-హెచ్ కలిస్తే ‘వ’ పలుకుతుంది, అక్కడి టీచర్లకి తెలుసు. తిప్పలన్నీ మన ఊరొచ్చినప్పుడే. ఎన్-ఈ-వీ-ఈ అనీ రాస్తారుగానీ, మనోళ్లు దాన్ని ‘నెవె’ చేసేస్తారు.

జవాబు (శ్రీకాకుళం): ముద్దుపేరు ‘నియా’ బాగుంటాది. వేల్స్‌లో ఆ పేరుకున్న రూపమే అది. పిన్నిగారికీ నోరు తిరుగుద్ది.

తాతయ్య: కోడలు అక్షరం కదపనంది. నియాకి సరే. బారసాలకి పైడితల్లి పేరు కలుపుతాం, అందులో మాత్రం బేరం లేదు.

జవాబు: మీరెలాగూ ‘గుంటా’ అనే పిలుస్తారు లెండి.