ఎమ్మెస్సీ కెమిస్ట్రీ: ఉస్మానియాలో సెల్ఫ్ ఫైనాన్స్ సీటా, నల్లగొండలో రెగ్యులర్ సీటా?

మిర్యాలగూడ అన్న:
మా చెల్లెలు సీపీగెట్ (రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్ల ఉమ్మడి ఎంట్రన్స్) రాసింది. ర్యాంకు చూస్తే నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు వచ్చేలా ఉంది. ఉస్మానియాలో అయితే సెల్ఫ్ ఫైనాన్స్ (ఎక్కువ ఫీజు కట్టే సీటు) మాత్రమే. నాన్న నల్లగొండ చాలంటున్నారు. అప్పు చేసైనా హైదరాబాద్ పంపుదామని నేనంటున్నా. రాష్ట్రం ఒకటే, ఎంట్రన్స్ ఒకటే. డిగ్రీ విలువలో నిజంగా అంత తేడా ఉందా? వెబ్ ఆప్షన్ల టైం దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

తార్నాక:
ఉస్మానియానే, ఇందులో ఆలోచించేదేం లేదు. 2024 ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో (కేంద్రం ఇచ్చే కాలేజీ, యూనివర్సిటీ ర్యాంకుల్లో) రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో దేశంలోనే ఆరో ర్యాంకు. ర్యాంకు పక్కన పెట్టినా, పక్కనే తార్నాకలో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), హబ్సిగూడలో సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఉన్నాయి. కెమిస్ట్రీ చదివే పిల్లకి ప్రాజెక్టుకైనా సెమినార్‌కైనా ఇంతకంటే మంచి చోటు రాష్ట్రంలో ఎక్కడుంది? రాత్రి దాకా లైబ్రరీలో నెట్‌కి (లెక్చరర్ పోస్టులకి, పీహెచ్‌డీకి అర్హత పరీక్ష) చదివే సీనియర్లు కనిపిస్తారు. వాళ్లను చూస్తేనే చదవాలనిపిస్తుంది.

ఓరుగల్లు అమ్మాయి:
తార్నాక గారూ, ఆ ర్యాంకు యూనివర్సిటీ మొత్తానిది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో నూటికి 30 మార్కులు పరిశోధనకి, 10 బయట ఉన్న పేరుకి. ఫస్టియర్‌లో ఆర్గానిక్ ఎవరు చెబుతారో, ల్యాబ్‌లో రీయేజెంట్లు ఉన్నాయో లేవో ఆ లెక్కలో కనబడదు. పైగా ఉస్మానియా 1918లో పుట్టింది, నల్లగొండది 2007లో. మా కాకతీయ కూడా మొదట ఉస్మానియా పీజీ సెంటరే. 1976లో యూనివర్సిటీ అయ్యింది, నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. నల్లగొండ, పాలమూరు కూడా అలా పీజీ సెంటర్ల నుంచి వచ్చినవే. ఆ టైం వాటికీ ఇవ్వాలి కదా.

కాంట్రాక్ట్ సార్:
అమ్మా, టైం ఇస్తే సరిపోదు, పోస్టులు ఇవ్వాలి. జిల్లా యూనివర్సిటీల్లో ఒకదాంట్లో చాలా ఏళ్లుగా కాంట్రాక్ట్ మీద పాఠాలు చెబుతున్నాను. 2006 నుంచి 2008 మధ్య నిజామాబాద్, నల్లగొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్‌లకు యూనివర్సిటీలు ప్రకటించారు. భవనాలు కట్టారు. రెగ్యులర్ అధ్యాపకులను మాత్రం అవసరమైనంత మందిని ఎప్పుడూ తీసుకోలేదు. 2022లో యూనివర్సిటీల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీ దాటింది, రాజ్‌భవన్‌లో ఆగిపోయింది. ఉస్మానియాలో మాత్రం? అక్కడా మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీలే. వాళ్లకు పాత ల్యాబులు, పాత లైబ్రరీ, పాత పేరు ఉన్నాయి కాబట్టి బండి నడుస్తోంది. పీహెచ్‌డీకి గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ ఫ్యాకల్టీ అయి ఉండాలి. రెగ్యులర్ వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్న డిపార్ట్‌మెంట్‌లో పరిశోధన ఎలా పెరుగుతుంది? పరిశోధన లేక ర్యాంకు రాదు, ర్యాంకు లేదని మంచి ర్యాంకు పిల్లలు రారు. తప్పు ప్రభుత్వాలది, ముద్ర మాత్రం మా పిల్లల డిగ్రీ మీద పడుతోంది. మా క్లాసులో పొద్దున్నే పల్లె నుంచి బస్సెక్కి వచ్చే ఆడపిల్లలున్నారు. ఈ యూనివర్సిటీ లేకపోతే వాళ్ల చదువు డిగ్రీతోనే ఆగిపోయేది. దాన్ని ఏ ర్యాంకూ లెక్కగట్టదు.

తార్నాక:
సార్, మీ మాటలో న్యాయముంది. కానీ పోస్టులు నింపేదాకా ఆ పిల్ల ఆగలేదు. ఆమెకున్నది రెండేళ్లు. ఉన్నవాటిలో మెరుగైన చోటు చెప్పడమే మన పని.

చౌటుప్పల్ క్యూసీ:
ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను, ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. హెచ్‌పీఎల్‌సీ (మందులోని రసాయనాలను విడదీసి కొలిచే యంత్రం) మీద చేయి పెట్టావా, అది ఇచ్చే గ్రాఫ్, అంటే క్రొమటోగ్రామ్ చూసి ఏం చెప్పగలవు అని అడుగుతాం. చెప్పగలిగితే ఏ యూనివర్సిటీ అని రెండోసారి చూడం. దివీస్ లాంటి పెద్ద కంపెనీ పాత నల్లగొండ జిల్లాలోనే, మా చౌటుప్పల్ దగ్గరే ఉంది. ఉద్యోగమే కావాలంటే అప్పు అక్కర్లేదు తమ్ముడూ.

మిర్యాలగూడ అన్న:
అందరికీ థాంక్స్. చెల్లెలిని అడిగితే నెట్ రాసి పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇప్పుడేమంటారు సార్?

కాంట్రాక్ట్ సార్:
పీహెచ్‌డీ ఆలోచన గట్టిగా ఉంటే ఉస్మానియాకే పంపండి. నాకు బాధగానే ఉంది, అయినా అదే చెబుతాను. కానీ సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుందో, హాస్టల్ ఇస్తారో లేదో అప్పు చేయకముందే ఆఫీసులో అడగండి. హాస్టల్ లేకపోతే బయట రూము, తిండి ఖర్చు ఫీజుని మించిపోవచ్చు.

ఓరుగల్లు అమ్మాయి:
కాకతీయను మర్చిపోయారు! ఆ ర్యాంకుకి వరంగల్‌లో రెగ్యులర్ సీటు వస్తుందేమో చూడండి. అప్పు లేకుండా పాత డిపార్ట్‌మెంట్ దొరుకుతుంది. ఆప్షన్లలో ఉస్మానియా రెగ్యులర్, తర్వాత కాకతీయ రెగ్యులర్, ఆ కిందే సెల్ఫ్ ఫైనాన్స్ పెట్టండి అన్నా. రెండో విడతలో పైకి జరిగే అవకాశం కూడా ఉంటుంది.