ఆటిజం ఉన్న బాబు ప్రమాదకారి అనే అపోహను బడిలో ఎలా తొలగించాలి?

మిర్యాలగూడలో ఐదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకుకు ఆటిజం ఉంది. శబ్దం, గుంపు ఎక్కువైతే చెవులు మూసుకొని అరుస్తాడు; ఆపబోయిన వారిని నెట్టివేస్తాడు కూడా. అది చూసిన కొందరు తల్లిదండ్రులు, వాడికి మంచీచెడూ తెలియదని, రేపు ఎవరినైనా గాయపరుస్తాడని అంటూ, బడి నుంచి తీసివేయమని ప్రధానోపాధ్యాయుడిని కోరుతున్నారు. ఎదుటివారి ముఖకవళికలు పోల్చుకోలేకపోవడం వేరు, వారి బాధ పట్టకపోవడం వేరు; నిజానికి తరగతిలో ఎవరైనా నియమం తప్పితే ముందుగా కలవరపడేది వీడే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించి, బడిలో వివక్షను నిషేధించింది, కానీ చట్టం చూపి నోరు మూయించడం మాకు ఇష్టం లేదు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మేమే మాట్లాడటం మేలా, లేక మండల భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే విద్యా కేంద్రం) ఉపాధ్యాయురాలి చేత చెప్పించడం మేలా? నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇటువంటి పరిస్థితిని ఎదుర్కొన్నవారు దయచేసి తెలుపగలరు.