టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారుతున్నాం: గన్స్ తీసుకెళ్లాలా, అమ్మేయాలా?

ఫ్రిస్కో_శీను:
ఎడిసన్ దగ్గర కొత్త ఉద్యోగం. పిల్లలకి సెలవులు ఇవ్వగానే మారిపోతున్నాం. నేను సిటిజన్‌నే. ఇంట్లో గ్లాక్ 17 పిస్టల్, దానికి 17 తూటాలు పట్టే మ్యాగజైన్లు, ఒక ఏఆర్-15 రైఫిల్, ఒక షాట్‌గన్ ఉన్నాయి. అన్నీ షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే కొన్నాను. రాజ్యాంగం ఇచ్చిన హక్కు రాష్ట్రం మారగానే నేరం ఎలా అవుతుంది? తీసుకెళ్లాల్సిందే అని నేను, అన్నీ వదిలించుకుని రమ్మని మా ఆవిడ. మీరేమంటారు?

ఓక్‌ట్రీ_బాబాయ్:
మీ ఆవిడ చెప్పిందే రైటు. హక్కు సంగతి సుప్రీంకోర్టు చూసుకుంటుంది. మిమ్మల్ని రోడ్డు మీద ఆపేది స్టేట్ ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు. 2018 చట్టం ప్రకారం ఇక్కడ 10 తూటాలకి మించి పట్టే మ్యాగజైన్ దగ్గరుంటేనే నేరం, అది ఖాళీగా ఉన్నా సరే. ఏఆర్-15 మీద 1990 నుంచే నిషేధం. పర్మిట్ లేకుండా పిస్టల్ దగ్గర పెట్టుకుని తిరిగితే గ్రేవ్స్ యాక్ట్ (తుపాకీ నేరాలకి కనీస జైలు పెట్టిన న్యూజెర్సీ చట్టం) కింద సాధారణంగా 42 నెలలు పెరోల్ లేని జైలు.
2013లో షనీన్ ఆలెన్ అనే ఫిలడెల్ఫియా ఆవిడ, పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది కదా అని ఇటొచ్చింది. పోలీసు కారు ఆపితే తనే చెప్పింది, నా దగ్గర గన్ ఉందని. నిజం చెప్పినందుకు అరెస్టు! చివరికి 2015లో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే బయటపడింది.

పాలమూరు_షూటర్:
బాబాయ్, ఆవిడది గన్ వెంటపెట్టుకుని తిరిగిన కేసు. శీను అన్న చేసేది ఇల్లు మారడం. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి తీసుకెళ్లడానికి న్యూజెర్సీ చట్టంలోనే మినహాయింపు ఉంది. తూటాలు తీసేసి, పెట్టెకి తాళం వేసి, డిక్కీలో పెట్టుకుంటే చాలు. మనవాళ్లు గన్ అనగానే జైలంటారు. నేను ఇక్కడే ఉంటూ పద్ధతిగా షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాను, నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఓక్‌ట్రీ_బాబాయ్:
ఆ మినహాయింపు ఏమైందో బ్రయాన్ ఐట్కెన్‌ని అడగాలి. కొలరాడోలో లీగల్‌గా కొన్నాడు, ఇక్కడికి మారాడు. 2009లో కారు డిక్కీలో గన్స్‌తో దొరికాడు. ఇల్లు మారుతున్నానని మొత్తుకున్నా, జడ్జి ఆ మినహాయింపు గురించి జ్యూరీకి చెప్పలేదు. ఏడేళ్ల శిక్ష పడింది. 2010 డిసెంబర్‌లో మళ్లీ ఆ క్రిస్టీ గారే శిక్ష తగ్గించి విడిపించారు. ప్రతిసారీ గవర్నర్ దయతలుస్తాడా తమ్ముడూ?

పాలమూరు_షూటర్:
సరే, అందుకే వివరంగా చెప్తున్నా. శీను అన్నా, 1986 ఫెడరల్ చట్టం దారిలో రక్షణ ఇస్తుంది, కానీ బయల్దేరే చోటా చేరే చోటా ఆ వస్తువు నీకు లీగల్ అయితేనే. 17 తూటాల మ్యాగజైన్ ఎడిసన్‌లో లీగల్ కాదు, కాబట్టి దానికి ఆ రక్షణ లేదు. ఏఆర్‌దీ అదే సంగతి. అవి రెండూ టెక్సాస్‌లోనే అమ్మేయ్. పిస్టల్‌కి 10 తూటాల మ్యాగజైన్లు కొనుక్కో. హాలో పాయింట్ బుల్లెట్లు (తగలగానే ముక్కు విచ్చుకునేవి) కూడా వదిలేయ్, ఇక్కడ వాటి మీద వేరే ఆంక్షలున్నాయి.
2022లో కొత్త చట్టం వచ్చింది. వచ్చిన 60 రోజుల్లో గన్ ఓనర్ ఐడీ కార్డుకి అప్లై చేసి, బయటి రాష్ట్రంలో కొన్న గన్స్ రిజిస్టర్ చేయించాలి. శిక్షణ సర్టిఫికెట్, వేలిముద్రలు, ఇద్దరి రిఫరెన్సులు అడుగుతారు. విసుగే, కాదనను. అదే ఏడాది సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసు తీర్పు రాకపోతే, గన్ వెంటపెట్టుకుని తిరిగే క్యారీ పర్మిట్ మామూలు మనిషికి కలలో మాట. ఇప్పుడు ఫీజు కట్టి అప్లై చేయొచ్చు.

ట్రెంటన్_డాక్టరమ్మ:
అందరూ దొరికిపోకుండా ఎలా తేవాలనే చెప్తున్నారు. ఆ గన్ దేనికి అని ఒక్కరూ అడగలేదు. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2021 సీడీసీ (ఫెడరల్ ఆరోగ్య సంస్థ) లెక్కల్లో టెక్సాస్ తుపాకీ మరణాల రేటు న్యూజెర్సీకి దాదాపు మూడింతలు. టీనేజ్ పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క చూసుకోవాలి కదండీ. శీను గారి భార్య భయపడేది పోలీసుకి కాదేమో.

పాలమూరు_షూటర్:
డాక్టర్ గారూ, సేఫ్‌లో తాళం వేసి పెట్టమని నేనూ అంటాను. కానీ ఆ తేడా అంతా చట్టం గొప్పే అంటే ఒప్పుకోను. పల్లెలెన్ని, హాస్పిటల్ ఎంత దూరం, వేట అలవాటు ఎంత, ఇవన్నీ ఉంటాయి. పైగా ఫారాలు నింపేది రూల్స్ పాటించేవాడే, దొంగ కాదు.

ట్రెంటన్_డాక్టరమ్మ:
ఆత్మహత్య చేసుకునేవాడు దొంగ కాదండీ. వాడూ రూల్స్ పాటించి కొన్నవాడే. ఆవేశం గడిచిపోయేదాకా చేతికి గన్ దొరక్కపోతే చాలామంది బతుకుతారు. మీకు విసుగనిపించే ఆ ఆలస్యమే నాకు కావాల్సింది.

ఫ్రిస్కో_శీను:
మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించకూడదని అర్థమైంది 🙂 ఏఆర్ అమ్మడానికి మనసు రావట్లేదు. ఇక్కడే టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో మా తమ్ముడు ఉన్నాడు, హెచ్-1బీ మీద. వాడికి ఇచ్చేసి వస్తే? వచ్చినప్పుడు రేంజ్‌లో వాడుకుంటాను.

పాలమూరు_షూటర్:
అన్నా, ఆ పని మాత్రం వద్దు! వీసా మీద ఉన్నవాళ్లు గన్ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, అలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. తెలిసి ఇచ్చిన నువ్వూ ఇరుక్కుంటావు. అతని గ్రీన్ కార్డు ఆశలు కూడా దెబ్బతింటాయి. విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చినప్పుడు కూడా ఇంట్లో సేఫ్ తాళం నీ దగ్గరే పెట్టుకో. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఫ్రిస్కో_శీను:
వాడికి హంటింగ్ లైసెన్స్ లేదు. అయితే ఏఆర్, మ్యాగజైన్లు ఇక్కడ డీలర్‌కే అమ్మేస్తాను. పిస్టల్, షాట్‌గన్ తెస్తాను. మా ఆవిడతో మాట్లాడటం ఇంకా ఉంది. బాబాయ్, రిఫరెన్సుకి మీ పేరు ఇవ్వొచ్చా?

ఓక్‌ట్రీ_బాబాయ్:
మొహం చూడని వాడికి రిఫరెన్స్ ఏమిటయ్యా! ముందు మీ ఆవిడ దగ్గర తెచ్చుకో, తర్వాత చూద్దాం.